ఆరున్నొకటి

తొక్కకు, కలియోపీ.
మా భాషలో సైకిల్‌ని ఎవరైనా తొక్కాల్సిందే, దానికి వేరే మాట లేదు.
అయినా చెబుతున్నాను, తొక్కకు.
రాత్రంతా సిడ్నీ రోడ్డు బేకరీలో పిండి పిసికిన దానివి,
ఆ పట్టంతా తొడల్లోకి దింపి
పెడల్ నీకేదో బాకీ ఉన్నట్టు
అణగదొక్కుతున్నావు.
నిమిషానికి డెబ్బై రెండు చుట్లు.
బలం ఉంది నీకు. బలమే అడ్డు.

బ్రన్స్‌విక్ ట్రాక్ మీద జూలై మంగళవారం.
పొద్దుటి వాన ఆరిందో లేదో
వంపు దగ్గర సిమెంటుని అరచేత్తో తడిమి చూశాను.
ఒక ఫ్లడ్‌లైట్ మినుకుతోంది, కౌన్సిల్‌కి మూడు ఉత్తరాలు రాసినా అంతే.
నీ సైకిల్ తలకిందులుగా పెట్టి
నలభై తొమ్మిది పళ్ళ చక్రం విప్పి నలభై ఐదుది బిగిస్తుంటే
పెళ్ళి భోజనానికి కూర్చోబెట్టి
గంజి పోసినట్టు చూశావు నా వైపు.

ఆ సాయంత్రం తొమ్మిదేళ్ళ పిల్లలు నిన్ను దాటిపోయారు.
ఒకడైతే వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

నువ్వు అలిగి కాళ్ళు ఆపేశావు.
ఈ సైకిల్‌కి అలక తెలియదు.
బ్రేకుల్లేవు, ఖాళీగా తిరిగే చక్రం లేదు,
నువ్వు ఆపినా అది ఆపదు,
నీ కాలినే పట్టుకుని లాక్కుపోయింది.
మోచేతి మీద ఆ పెచ్చు ఇంకా ఊడలేదు.

అందుకే రేకుల షెడ్డులోకి, రోలర్ల మీదికి.
కుడి మోకాలు పైకొచ్చినప్పుడల్లా ఒక అంకె.
పది దాకా వెళ్ళి మళ్ళీ మొదలు.
పదిహేను సెకన్లలో ఇరవై ఎనిమిది రావాలి.
స్టాప్‌వాచ్ నొక్కి నేను మొదలుపెట్టాను:
లాభం, రెండు, మూడు, నాలుగు...

లాభం ఏంటని అడిగావు రొప్పుతూ.
మా పెదనాన్న కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు
ఒకటి అనేవాడు కాదు.
ఏడు అసలే అనేవాడు కాదు. ఏడంటే ఏడవమని కదా.
ఆరున్నొకటి అని దాటించేవాడు,
పోగులో గింజలు వినకుండా.
మందుల షాపులో మాత్రలు లెక్కపెట్టినా
నా నోటికి అదే వస్తుంది.

తొంభైలో బాగానే ఉన్నాం ఇద్దరం.
నూటఐదు దాటాక నువ్వు సీటు మీద
మూకుడులో పేలపు గింజలా ఎగరడం మొదలుపెట్టావు.
భుజాలు వదిలెయ్, అన్నాను. దవడ వదిలెయ్.
కిందికి నొక్కకు,
చెప్పు అడుగున అంటిన బురద గీరినట్టు
పాదాన్ని వెనక్కి లాగు.
అన్నీ చేశావు.
అయినా ప్రతి పదికీ ఒకసారి
ఎక్కడో ఒక్కచోట నీ చుట్టు మెలిపడి
రోలర్ల హోరులో చిన్న ఎక్కిలి.

మూడు వారాలు పట్టింది నాకు అర్థం కావడానికి.
సీటు ఎత్తు మార్చాను, చెయిన్ బిగువు చూశాను,
నీ ఎడమ తుంటిని అనుమానించాను.
తప్పు నా నోట్లో ఉంది.
ఆరున్నొకటి.
నా నాలుకకి అయిదు అక్షరాలు, నీ కాలికి ఒక్క చుట్టు.
అంత పెద్ద మాట ఆ సందులో పట్టదు.
నేను తడబడిన చోటే
నువ్వు తడబడుతున్నావు.

నిన్న అన్నాను.
అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది.
పెదనాన్న వింటే కుంచం నేలకేసి కొట్టేవాడు.
ఏమీ కాలేదు.
నిమిషానికి నూటపన్నెండు దగ్గర
ఏడవడానికి ఎవరికీ తీరిక లేదు.
నీ నడుము కదలలేదు, ఎక్కిలి లేదు,
రోలర్లు ఒకటే గొంతుతో పలికాయి.

ఇవాళ ట్రాక్ మీద ఒక్కదానివే.
వంపు పైనుంచి జారి నల్లగీత అందుకుని
నా ముందునుంచి పోతుంటే
నీ పెదాలు కదిలాయి.
గాలికి సగం అంకెలు కంచె అవతలికి కొట్టుకుపోయాయి.
నాకు వినబడినవి రెండే:
లాభాన్ని నువ్వు లావం అన్నావు.
ఏడుని మాత్రం సరిగ్గా అన్నావు.

ఎలా ఆపాలో ఇంకా నేర్పలేదు కదూ.
తిరుగుతూ ఉండు,
స్టాప్‌వాచ్ ఎక్కడో పెట్టాను, వెతుక్కుని వస్తాను.