నిమిషానికి తొమ్మిది మీటర్లు

మన భాషల దిబ్బ అంటే మెరక.
ఆ పేరున్న ఊరికి పోయి, సముద్రం ఒడ్డున,
నేను లోతు కొనుక్కున్న.

దిబ్బాల చేపల మార్కెట్టు ఎనక దుకాణం.
రొవేనా ఒక్కొక్కటి తీసి నల్ల బట్ట మీద పెట్టింది
పుస్తెలతాళ్లు చూపించే సేటు లెక్క.
ఇది రంగుల తెర.
ఇది సిలిండర్ల గాలి ఎంత మిగిలిందో చెప్తది.
ఇది పెండ్లికి గూడ పెట్టుకపోవచ్చు.
ధర చీటీలు బోర్ల పడుకున్నయ్,
తిరగేసిన కొద్దీ నాకే ఊపిరాడలే.

నీకేం కావాలె, అన్నది.
షార్జాల లిఫ్టులు బాగు చేస్త, పదమూడేండ్ల సంది.
ఎక్కుడు దిగుడే నా తిండి.
నలభై అంతస్తులు అర నిమిషంల.
వేగం మీరితే తాడును పట్టి ఆపేటి గవర్నరు ఉంటది పైన.
అసొంటిది ఏమన్న ఉన్నదా, నా ఒంటికి?

నవ్వింది.
అన్నిట్ల ఉన్నది అదే, మిగితాదంత మెరుపు, అన్నది.
అమ్మే మనిషి అట్ల అనొద్దు.
అందుకే నమ్మిన.

నేను ఈత నేర్చింది మోటబాయిల.
ఎండిన ఆనిగెపుకాయ బుర్ర నడుముకు కట్టి
చిన్నాయిన నూకిండు.
లోతుకు లెక్క నిలువులే.
రెండు నిలువులకు చెవుల పోటు,
మూడో నిలువుకు చీకటి,
అడుగున మేమే ఇసిరేసిన ఐదు పైసల బిళ్ల.
గుప్పిట పట్టి, బురద తన్ని, బాణం లెక్క పైకి.
ఎవడు ముందు తేలితే వాడే మొగోడు.

నిమల్ సారు మొదటి పాఠంలనే దాన్ని కొట్టేసిండు.
పద్దెనిమిది మీటర్లు, అంటే నా లెక్కల పది నిలువులు.
అక్కడ పీల్చిన గాలి నెత్తురుల కరుగుతదట.
తొందరపడితే గోలీసోడ గోలి నొక్కినట్టే.
దిగుడు బండరాయి గూడ దిగుతది,
పైకి వచ్చుడే పని, అన్నడు.

రూముల గంగరాజం నెత్తి కొట్టుకున్నడు.
తొమ్మిదొందల దిర్హాములా, నీళ్లల్ల టైము చూసుకునేతందుకు?
వానికి చెప్పలే,
నలభై రెండు దాటినయని,
సర్క్యూటు బొమ్మను చేయి చాపి చదువుతున్ననని.

అందుకే రంగుల తెర వద్దన్న.
పెద్ద పెద్ద అంకెలు, రెండే బటన్లు.
రూపాయి బిళ్లతోని మూత విప్పి
బ్యాటరీ నేనే మార్చుకోవచ్చు.
సబ్బుబిళ్ల అంత ఉన్నది, సోకు లేదు.
పాత బిల్డింగుల లిఫ్టు తలుపు మీద
అంతస్తు చూపే డబ్బా యాదికొచ్చింది.

మల్ల ఆదివారం, రాయి పక్కన, పన్నెండు మీటర్ల కాడ
తాబేలు ఒకటి లేచి వెలుతురు దిక్కు పోతాంటే
కాళ్లకు బాయి యాదికొచ్చింది.
నేను తన్నలే, అవే తన్నినయ్.
మణికట్టు మీద కీచుమన్నది.
మల్లొకసారి.
ఆగిన.
తాబేలు పోయింది.

ఐదు మీటర్ల కాడ మూడు నిమిషాలు
అంకెలు ఒక్కొక్కటే తగ్గుకుంట.
రెండు అంతస్తుల నడుమ ఇరుక్కున్న మనిషి లెక్క.
అసొంటోళ్లను ఎందరిని బయటికి గుంజిననో.
నాకు మాత్రం అలారం నొక్కబుద్ధి కాలే.

ఒడ్డుకొచ్చినంక తెర మీద
అడ్డగీత కొట్టిన విమానం బొమ్మ. పద్దెనిమిది గంటలు.
అందాక ఎగరొద్దు, లోపట ఇంక మిగిలుంటది, అన్నడు సారు.
మొదటి ఆరేండ్లు నా పాస్‌పోర్టు కంపెనీ బీరువల ఉండె.
పోవద్దు అని
నా మేలుకు చెప్పింది ఇదే మొదలు.

మంగళవారం రాత్రి గంగరాజం దాన్ని చేతికి పెట్టుకున్నడు.
సప్పుడే లేదు గదరా, సచ్చిందా, అన్నడు.
నీళ్లు తగిలితెనే లేస్తది, అన్న.
బాత్రూముల బకెట్ల మోచేతి దాక ముంచిండు.
తెర ఎలిగింది. సున్నా మీటర్లు.
ఏమన్న అంటడనుకున్న.
చేయి తియ్యకుండ అట్లనే కూసున్నడు,
సెకండ్లు లెక్కవెట్టుకుంట.