పిప్పెట్

మమ్మల్ని కలిపింది స్నేహం కాదు,
రోల్ నంబర్లు.
నలభై ఒకటి నుంచి నలభై నాలుగు:
యాకుత్‌పురా సబీహా,
దేవరకొండ అవతలి తండా నుంచి సక్కుబాయి,
మారేడ్‌పల్లి నుంచి నేను,
అబిడ్స్‌లో వాళ్ల నాన్నకి చీరల షాపున్న సుశీల్ కన్వర్.
కోఠిలో కాలేజీ, మేడ మీద కెమిస్ట్రీ ల్యాబు,
ఒక బల్ల, ఒక బ్యూరెట్,
నలుగురికీ ఒకటే పిప్పెట్.

నోటితో పీల్చాలి దాన్ని.
గీత దాటగానే వేలితో మూయాలి.
మేడమ్‌కి అది ఇరవై మిల్లీలీటర్లు.
నాకు, ముందు పీల్చినవాళ్ల పెదాలు.

మా ఇంట్లో మంచినీళ్లు ఎత్తిపోసుకుంటాం.
గ్లాసు అంచుకి పెదవి తగిలితే
బామ్మ ఏమీ అనదు,
ఆ గ్లాసు తీసి విడిగా పెడుతుంది, అంతే.

సక్కు చేతిలోంచి వచ్చిన ప్రతిసారీ
పంపు కింద మూడుసార్లు కడిగేదాన్ని.
సబీహా తర్వాతైతే రెండుసార్లు.
సుశీల్ తర్వాత ఊరికే విదిలించేదాన్ని.
ఈ లెక్క నాకెవరు నేర్పారో
ఏ రికార్డు బుక్కులోనూ లేదు.

"శాంభవికి శుభ్రం ఎక్కువ" అంది సక్కు ఓసారి,
"అందుకే దానికి రీడింగు కరెక్టుగ వస్తది."
నవ్వుతూనే అంది.
సబీహా నా వైపు చూడలేదు, బ్యూరెట్ వైపు చూసింది.

లంచ్ బెల్లుకి బల్ల విడిపోయేది.
హాస్టలు వాళ్లు మెట్ల మీద,
పాతబస్తీ వాళ్లు వరండా చివర,
కార్లున్నవాళ్లు క్యాంటీన్లో,
నేను లైబ్రరీ వెనక, మా వాళ్లతో.
మా వాళ్లు.
ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో ఆ మాట.

ఆగస్టులో ఓ మంగళవారం. వాన. కరెంటు లేదు.
వాళ్ల ఖాలా పెళ్లిలో మేక తప్పిపోతే
పెళ్లికొడుకే వెతకబోయిన కథ చెప్తోంది సబీహా.
నవ్వాపుకోలేక గట్టిగా పీల్చాను.
కాస్టిక్ సోడా.
నాలుక మీద సబ్బులా జారి, వెంటనే నిప్పు.

పంపు తిప్పితే గాలి వచ్చింది.
సక్కు తన సీసా మూత తీసింది,
పాత కూల్‌డ్రింకు సీసా, సగం తాగినది,
అంచు మీద పంటి గాట్లు.
"పుక్కిలించు, మింగకు, మళ్ల పుక్కిలించు."
సబీహా తల పట్టుకుని చున్నీతో గడ్డం తుడిచింది.
నేను ఎత్తిపోసుకోలేదు.
సీసాని కరిచి పట్టుకున్నాను.

ఆనాటి నుంచీ అందరం కలిసే తిన్నామని
రాసుకుంటే బాగుండేది.
కొన్నాళ్లు మెట్ల మీద కూర్చున్నాను,
సక్కు పచ్చిపులుసు డబ్బా మూతలో పోసిచ్చేది,
సుశీల్ వచ్చి ఉల్లిపాయ లేనివే ఏరుకునేది.
సెమిస్టరు మారాక బ్యాచీలూ మారాయి.
నేను మళ్లీ లైబ్రరీ వెనక్కి.

ఇప్పుడు పిప్పెట్లకి రబ్బరు బుడ్డీలట.
మంచిదే, ఎవరి నోరూ కాలదు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో సక్కు.
బ్యాంకులో చేస్తోందట, పెద్దమ్మాయికి ఇంటరట.
ఎండకి నా మొహం చూసి
బ్యాగులోంచి నీళ్ల సీసా తీసింది.
ఇచ్చే ముందు
కొంగుతో దాని అంచు తుడిచింది.
మూడుసార్లు.
నవ్వుతూనే.