ఇక్కడిదాకా

రుస్తావిలో, అయిదో అంతస్తు స్నానాలగదిలో
ప్లాస్టిక్ కుర్చీ మీద అమ్మమ్మ సందువాను కూర్చోబెట్టి
గోరువెచ్చటి నీళ్ళు పోస్తున్నాను.
తొంభై మూడేళ్ళ ఒళ్ళు,
తడిసిన కాగితంలా నా చేతికే అంటుకుంటుంది.

మెడ కింది ఎముక దాకా సబ్బు రాగానే
నా వేలు పట్టుకుని ఆపింది.
"ఇక్కడిదాకా" అంది.
"నొప్పా?"
"కాదే. ఇక్కడిదాకా అయితే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.
ఇంకాస్త కిందికి కూడా, మనిషి మంచివాడైతే."

కొండల్లో, ఖెవ్‌సురేతిలో, ఒక చలికాలం.
ఆమెకు ఇరవయ్యేళ్ళు.
దూతిక వచ్చి పిలిస్తే
శాలువా చాటున బార్లీ సారా సీసాతో వెళ్ళింది
ఉతుర్గ పడుకున్న గడ్డి పక్క దగ్గరికి.
దొంగతనమేం కాదు, ఊరే పంపింది.
ఇద్దరి మధ్యా ఒక బాకు.
ముద్దులకు అడ్డు లేదు, కబుర్లకు అసలే లేదు,
నడుం తాడు మాత్రం పొలిమేర.
తెల్లారకముందే లేచి వచ్చేయాలి.
అతన్ని ఎప్పటికీ పెళ్ళాడకూడదు.

"బాకంటే భయమేసేదా?"
బోసినోటితో నవ్వింది.
"దాని మొహం, తుప్పు పట్టిన బాకు!
ఎక్కడ ఆగాలో చెయ్యే నేర్చుకుంది.
ఆగిన చోటే ఒళ్ళు ఝల్లుమనేది."

తర్వాత ప్రభుత్వం లారీలెక్కించి
అందర్నీ మైదానానికి దింపింది.
బడిపంతులు అది అనాగరికమన్నాడు.
పొరుగింటివాళ్ళు సిగ్గుమాలినతనమన్నారు.
పట్నం నుంచి వచ్చిన కళ్ళజోడాయన
నోటుపుస్తకంలో ఇంకేదో పెద్ద మాట రాసుకున్నాడు.

ఆపైన తాతయ్య. అడ్డేమీ లేని మంచం.
"పాపం, మంచివాడే.
గొళ్ళెం లేని తలుపు ఎలా తట్టాలో
నాకే తెలియలేదు.
నలుగురు పిల్లలు పుట్టారుగా అంటావు.
పుడతారు, పిల్లలదేముంది."

మా అమ్మ నాకు బాకు ఇవ్వలేదు.
పెళ్ళినాటి తెల్ల దుప్పటి గురించి
ఒకే ఒక్కసారి చెప్పింది,
గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా.
నేను నవ్వేశాను.
అయినా బాచో అద్దెగదిలో
లైటు ఆర్పేది ప్రతిసారీ నేనే.
కిటికీ అవతల ఉన్నది ఉత్త ఇటుకల గోడ.
దాని వైపు వీపు పెట్టి
పడుకోలేను.

అమ్మమ్మ నా చేతిలోంచి సబ్బు తీసుకుంది.
నురగ అంటిన వేలు నా గొంతు మీద పెట్టి
మెల్లగా కిందికి జరుపుతూ అడిగింది:
"నీకు ఎక్కడిదాకా?"

నీళ్ళు చల్లారిపోతున్నాయన్నాను.
తువ్వాలు కోసం లేచాను,
అది నా భుజం మీదే ఉంది.