గాలి సోకని పేరు

లాం ఫారం దాటాక ఎడమచేతి మలుపు.
తెల్లారుజామున దీవెనమ్మ గేదె
నిన్నటి వరిగడ్డిని నెమరేస్తుంటే
దవడ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెడుతూ నిలబడ్డాను.
ముద్దకు యాభై మూడు.
సుభానీ రబ్బరు గొట్టం కడిగి
టీ ఫ్లాస్కు మూత తీశాడు,
టీ కోసం కాదు.

"మీదేం పోయిందమ్మా మా మల్లెచెండు కడుపులో?"
ఆవిడ అడిగింది.
గడ్డి పాలెట్లా అవుతుందో చూడాలన్నాను.
"అదేం చూట్టం? గేదె చేస్తది."

గేదె చెయ్యదు, దీవెనమ్మా.
గడ్డిలో ఉన్న మొండితనం
దాని పళ్లకూ లొంగదు, పేగుకూ లొంగదు.
లోపల, చీకట్లో, గాలి చొరని వేడిలో
ఎవరో కూలికి ఒప్పుకున్నారు.
వాళ్ల పేర్లు ఏ మస్తరులోనూ ఎక్కలేదు.

గుంటూరు వచ్చేసరికి మిర్చియార్డు ఘాటుకి
ఆటోలో అందరం తుమ్మాం, ఫ్లాస్కు తప్ప.
నాలుగు మడతల గుడ్డలో వడకట్టి
గాజుగొట్టాల్లోకి దించాం.
మనకు ప్రాణమైన గాలి వీటికి విషం.
ఒక్క బుడగ దూరితే చాలు,
ద్రావణం సిగ్గుపడ్డట్టు గులాబీ రంగుకు తిరుగుతుంది.
ఆ గొట్టం ఇక నాది కాదు.
మొదటి నెల నా బల్లంతా గులాబీలే.

పదకొండో వారం ఒకటి ఈదుతూ కనపడింది.
వెనకటి పెద్దలు ఇలా ఈదేదాన్ని చూసే పురుగన్నారు,
పుస్తకాల్లో పురుగుల బంతిలోనే కూర్చోబెట్టారు.
నేను కన్ను తియ్యలేదు.
గడ్డి పరక అంచు దగ్గర కాసేపు తచ్చాడింది,
అద్దెకు ఇల్లు చూస్తున్నట్టు.
తోక వదిలేసింది.
వేరు దించింది.
పురుగు కాదు, బూజు.
మా అమ్మ పచ్చడి జాడీలో చూసి
తిట్టిపోసే కులస్థురాలు.

వర్గీకరణ అంటే చివరికి
రేషన్ కార్డు సర్వే లాంటిదే.
తోక ఒకటా, పదా?
వేళ్లు తీగలు పారాయా, ఉల్లిగడ్డలా ఉబ్బాయా?
తిత్తికి మెడ ఉందా?
ఎవరి తాలూకు?
దాని నాలుగక్షరాల రాతను
తెలిసినవాళ్లందరి రాతల పక్కన పెట్టి చూశాను.
చుట్టరికం ఉంది,
ఇంటిపేరు కలవలేదు.

జూన్‌లో ఒక రాత్రి బ్రాడీపేటంతా కరెంటు పోయింది.
ముప్పై తొమ్మిది డిగ్రీలు తగ్గితే అది బతకదని నా భయం.
జనరేటర్లో డీజిలు అడుగంటింది.
సుభానీ నీళ్లు కాచి, మోచెయ్యి ముంచి చూసి
గొట్టాలను బకెట్లో కూర్చోబెట్టాడు,
పసిబిడ్డకు నీళ్లు పోసే అంచనా అది.
తెల్లారేదాకా చెంబెడు వేణ్ణీళ్లు, మళ్లీ చెంబెడు.
అతనికి ఇద్దరు కూతుళ్లు.
ఆ మోచెయ్యి నాకు రాదు.

పేరు లాటిన్‌లో ఉండాలట, నియమం.
దీవెనమ్మ పేరుకు లాటిన్ తోక తగిలించి
గదిలో ఒక్కదాన్నే పదిసార్లు పలికి చూసుకున్నాను.
సుభానీ పేరు చివర, కృతజ్ఞతల్లో, చిన్నక్షరాల్లో.
అది ఇప్పటికీ ముల్లే.

పేరు ఖాయమైందని కబురొచ్చిన వారం
నేను జ్వరంతో పడ్డాను, సుభానీ కూతురి పెళ్లి పనుల్లో ఉన్నాడు.
మూడు రోజులకోసారి కొత్త గొట్టంలోకి మార్చాలి.
ఎవరూ మార్చలేదు.
తిరిగొచ్చి చూస్తే ఎక్కడా కదలిక లేదు.
పేరుంది. పేరుగలది లేదు.

మళ్లీ లాం, మళ్లీ ఎడమచేతి మలుపు.
కొట్టం ఖాళీ.
మేత ధర భరించలేక మల్లెచెండును
వినుకొండ బేరగాళ్లకు తోలేసింది.
"పెయ్యుంది, చూడు" అంది.
తల్లి నాకి నాకి
నుదుటి వెంట్రుకలు సుడి తిరిగిన పెయ్య.
ఆ నాలిక మీంచే దాటి ఉంటుందా?
గడ్డి ఇప్పుడిప్పుడే నోటికి అలవాటవుతోంది.
ఫ్లాస్కు మూత తీశాను.

"నా పేరు పెట్టావంట గదా, దేనికి?"
బూజుకి, అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
పేడచెయ్యి కొంగుకు తుడుచుకుని
"పని చేస్తదా?" అంది.
చేస్తుంది.
"అయితే పెట్టుకో."