దూద్

మొదటిరోజు పంజరాల గదిలోంచి ముసలాయన
"దూద్, దూద్" అని కేకేస్తే
రాయచోటి సంతలో నేర్చిన ఉర్దూతో
గ్లాసునిండా పాలు కాచి తీసకపోయినా.
బుల్‌బుల్ పిట్ట నన్ను చూసింది,
ఆయన పాలను చూసినాడు.
నవ్వి నవ్వి దగ్గొచ్చి
చూపుడువేలు కొంకి చేసి మెలికలు తిప్పినాడు.
అరబ్బీలో దూద్ అంటే పురుగంట.
పాలు నేనే తాగినా.

జహ్రాలో, మిద్దెమీద, నీళ్ల ట్యాంకు నీడలో
నాకొక బకెట్టు పురమాయించినాడు.
అడుగున గోధుమ తవుడు నాలుగువేళ్లెత్తు,
పైన ఇనప జల్లెడ,
జల్లెడమీద మేడమ్ వద్దన్న హమూర్ చేప తలకాయ.
మూత సగం తెరిచిపెడితే చాలు.
ఈగలకు వీసా అక్కర్లేదు.

పొద్దున చూస్తే గుడ్లు, కొబ్బరికోరు రాలినట్టు.
రేపటికి కదులుతాయి.
మూడోనాటికి తలకాయకు కళ్లుండవు.
నాలుగోనాడు తిని తిని బరువెక్కి
కంతల్లోంచి ఒక్కొక్కటే తవుట్లోకి జారుతాయి.
రేకుల ఇంటిమీద వాన మొదలయ్యేటప్పుడు
ఇంకా పడిందో లేదో తెలీని చప్పుడుంటుందే,
అది.
కంపు సంగతి చెప్పను.
ఎనిమిది నెలల్లో చినుకు చూడనిదాన్ని,
ముక్కుకు చున్నీ బిగించి
చెవి బకెట్టుకు ఆనించేదాన్ని.

పట్టినవి పట్టినట్టు పెట్టగూడదంటాడు బూ ఫలాహ్.
ఒకదాన్ని ఎండకెత్తి చూపుతాడు:
తెల్లటి ఒంట్లో నల్లచుక్క.
అది తిన్న తిండి.
రెండ్రోజులు ఉత్త తవుట్లో పస్తుంటే
చుక్క కరిగి, ఒళ్లంతా అద్దమైపోతుంది.
అప్పుడే పిట్టకు.
లేకపోతే గూటిపిల్లల కడుపు చెడుతుంది.
ఒక పిట్టకు ముప్పై, పిల్లలున్నదానికి అరవై.
నేను లెక్క తప్పను.
ఏజెంటుకు కట్టే వడ్డీ కూడా నాది నోటిలెక్కే.

మిగిలినవి పెరుగు డబ్బాలో పోసి
ఫ్రిజ్జులో, లబ్నా వెనక.
చలికి నిద్రపోతాయి, ఈగలు కావు.
మేడమ్ చెయ్యి అంత లోపలికి పోదు.
శుక్రవారం డ్రైవరు మస్తాన్‌వలీ పిట్టల సంతకు మోసకపోతాడు.
కప్పు పావు దినారు, అతనికి సగం.
నెల జీతం ఇంటికి పోతుంది,
ఈ డబ్బు సంగతి ఇంటికి తెలీదు.
దీంతో ఒక జత చెప్పులు కొన్నా.
పచ్చవి, మడమెత్తువి,
యాడికీ పోను కాబట్టి మిద్దెమీదే తొడుక్కుంటా,
చేపతలకాయల మధ్య టకటకమని.

నిన్న పొద్దుగూకేటప్పుడు చిన్నమ్మ కూతురు ఫోను.
"రెడ్డెమక్కా, పొట్టేలు కాలిపుండులో పురుగుపడినాది.
నువ్వేం చేస్తాంటివి అప్పుడు?"
నా వేళ్లకు ఇంకా గుర్తే.
గొర్రె తలను మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి
పుల్లతో ఒక్కొక్కటే తీసి,
సీతాఫలం ఆకు నూరి, పసరు పిండి, పిప్పి అదిమి,
పాత గుడ్డతో కట్టు.
"ఒక్కటి గూడా మిగలగూడదు మే!
ఒక్కటి మిగిలినా ఎముకదాకా తొలుస్తుంది!"
సిగ్నలు లేక కుడిచేత్తో ఫోను పట్టుకుని అరుస్తాండా.
ఎడంచెయ్యి దాని పని అది చేసుకుంటాంది,
కొత్తగా జారినవాటికి
తవుడు పలచగా చల్లుతా.

మెట్లమీంచి బూ ఫలాహ్ అడిగినాడు, ఏంది ఆ అరుపని.
సీతాఫలానికి అరబ్బీలో ఏమంటారో నాకేం తెలుసు?
"దవా" అన్నా.
"ఎవరికి?"
"దూద్‌కి" అన్నా,
చేతిలో పుల్ల పట్టుకున్నట్టు గుచ్చి చూపిస్తా.

ఆయన ముఖం పాలిపోయింది.
నమాజుకు కూడా వంగని మోకాళ్లతో
రెండు అంగల్లో వచ్చి
బకెట్టుకు మూత పెట్టి
దానిమీదే కూర్చున్నాడు.
కింద పంజరాల్లో ఆకలి గోల.
నాకు నవ్వాగక, చెప్పుల మడమ మడతపడి
తవుటి మూటమీద కూలబడినా.
ఫోనులో ఇంకా "అక్కా, ఎన్ని ఆకులు? అక్కా?"
ముసలాయన కింద, మూత కింద,
సన్నంగా చినుకులు.