క్యారెట్టుకు కాళ్ళు లేవు

ఊరి ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ
కాగితం మీద మూడు బొమ్మలు గీసి ఇచ్చింది.
ఒకటి క్యాబేజీ, ఒకటి క్యారెట్టు,
మూడోది దుంపో మబ్బో తెలియలేదు.
"మాంసం మానెయ్యమనడం లేదు తాతా,
పక్కన ఇవి కూడా ఉండనీ" అంది.

దోర్లిగ్ ఆ కాగితం మడిచి బూటులో దోపుకున్నాడు.
గోబీ అంచు దాకా ఒక్క మాట లేదు.
మోటారుసైకిలు మీద వెనక కూర్చున్న నాకు
అతని వీపే చెప్పేసింది జవాబు.

గుడారంలో పిడకల పొయ్యి రాజేస్తుంటే అప్పుడన్నాడు:
"గొర్రె పొద్దస్తమానం తల దించుకుని మేస్తుంది.
ఏ ఆకు మంచిదో ఏది చేదో ఏరి,
నమిలి, నెమరేసి,
మాంసం చేసి తెచ్చి మన గిన్నెలో పెడుతుంది.
అంత చాకిరీ అది చేశాక
మళ్ళీ మొదటినుంచి గడ్డి నన్ను నమలమంటావా, ఒయూన్?"

కాదనలేకపోయాను.
వానలు పడ్డ ఏడు
అడవి ఉల్లి మేసిన గొర్రె మాంసానికి
ఉప్పు కూడా అక్కర్లేదు.
మా అత్త తొంభై దాటింది,
టీ ఆకు తప్ప మరో ఆకు ఎరగదు.
అదే కుండలోది తిన్న మామ
నలభై తొమ్మిదికే జీను మీంచి ఒరిగిపోయాడు.
ఇద్దరిలో ఎవర్ని సాక్ష్యానికి పిలవను?

వారం తిరక్కుండా సరుకుల లారీ వచ్చింది.
దువ్వి దాచుకున్న మేక ఉన్నిలో ఓ గుప్పెడు పోసి
మూడు క్యారెట్లు కొన్నాను.
ఒకదాన్ని గోరంత ముక్కలు చేసి
గొర్రె తోక కొవ్వు కింద, సేమియా కింద
దొంగసరుకులా దాచాను.
దోర్లిగ్ కత్తి మొనతో ఒక్కొక్కటే ఏరి
గిన్నె అంచున నిలబెట్టాడు,
సాయంత్రం మందను లెక్క చూసుకున్నట్టు.
"పదకొండు," అన్నాడు గెలిచినవాడిలా.

నేను వేసింది పన్నెండు.

చెప్పలేదు.
ఆ రాత్రి అతను గురక పెడుతుంటే
లోపల ఎక్కడో ఒంటరిగా తిరుగుతున్న
ఆ నారింజ ముక్కను తలచుకుని
దుప్పటి నోట కుక్కుకుని నవ్వాను.

కానీ అసలు పేచీ నాలుకతో కాదు.
వసంతంలో గింజల పొట్లం విప్పినప్పుడు తెలిసింది.
గొర్రె మన వెంట నడుస్తుంది.
మేక నడుస్తుంది, ఒంటె మన ఇంటినే మోసుకుని నడుస్తుంది.
ఏడాదికి నాలుగుసార్లు గుడారం విప్పి
గడ్డి ఎటుంటే అటు పోయేవాళ్ళం,
మా తిండికీ మాకూ కలిపి ఒకటే దారి.
క్యారెట్టుకు కాళ్ళు లేవు.
మూడు నెలలు ఆగు అంటుంది,
నీళ్ళు పొయ్యి, కాపలా ఉండు అంటుంది.
తినాలా వద్దా అన్నది కాదు ప్రశ్న,
ఆగాలా వద్దా అన్నది.

ఆగడమంటే దోర్లిగ్‌కు జబ్బు కిందే లెక్క.

అయినా బావి గట్టున, రాళ్ళ చాటున
జానెడు నేల గీకి గింజలు చల్లాను.
చూశాడు. చూడనట్టు జీను తోమాడు.
ప్రయాణం రోజు వచ్చేసరికి
వెంట్రుకల్లాంటి మొలకలు నాలుగు లేచాయి.
గుడారం కర్రలు కట్టాం, చాపలు చుట్టాం,
కోడలు నోమిన్ పిల్లాణ్ణి జీనుకి కట్టింది.

"ఇవాళ వద్దు," అన్నాడు దోర్లిగ్.
"నల్ల ఒంటె కుంటుతోంది."

నల్ల ఒంటె లేచి,
నాలుగు కాళ్ళ మీదా నిక్షేపంగా నడిచి
ఉప్పుమడి దాకా పోయి వచ్చింది.
ఎవరం ఏమీ అనలేదు.
అతను మాత్రం మేకల్ని తిట్టుకుంటూ
బావి గట్టున ఒక్కొక్క రాయే
ఎత్తి పేరుస్తున్నాడు.