నోరు లేని ఈగ

రిస్పర్ షెడ్డు వైపు నుంచి గాలి తిరిగితే
వీధి వీధంతా తలుపులేసుకుంటుంది.
కిసుము సంతలో మిగిలిన మామిడి టెంకలు,
నలిగిన క్యాబేజీ, సారా బట్టీ పిప్పి
తెల్లారకముందే తోపుడుబండి మీద తెస్తుంది.
నీలం తొట్లలో పురుగు మసలుతుంటుంది,
చెవి ఒగ్గితే
రేకు మీద సన్నటి వాన పడుతున్నట్టు.

తల్లి డోరినా ముప్పై ఏళ్లు ఒమెనా ఎండబెట్టింది.
వేలెడు లేని వెండి చేప.
అమావాస్య రాత్రుల్లో లాంతర్లు ముట్టించి
మగాళ్లు సరస్సు మీంచి తోడుకొస్తే
వలలు పరిచి, కొంగల్ని అదిలించి,
ఇసుక పోయేదాకా జల్లించి
గొరొగొరో డబ్బాతో కొలిచి అమ్మేది.

తర్వాత లారీలొచ్చాయి.
దాణా మిల్లువాళ్లు బేరమాడరు,
ఒడ్డంతా ఊడ్చి కొంటారు,
పొడికొట్టి, గుళికలు చేసి
పంజరాల్లోని తిలాపియాకు చల్లుతారు.
మత్స్యన్యాయం పాతదే,
లారీ ఎక్కడమే కొత్త.
ఆ ఏడు డోరినా మనవడు
ఉగాలి ముద్దను ఉప్పుతో తిన్నాడు.

"చేపకు పురుగేమిటే?"
"గాలానికి ఎర్రను గుచ్చింది నువ్వే కదమ్మా."
తల్లీకూతుళ్లకు నెల్లాళ్లు మాటల్లేవు.

మొదటి మూడు రోజులూ చేపలు ముట్టలేదు.
ఒగోలా పంజరం అంచున గొంతుక్కూర్చుని
గుప్పెడు గుప్పెడు విసురుతూ
వడ్డీ లెక్క వేసుకున్నాడు.
నాలుగో రోజు
నీళ్లు ఎసరులా తెర్లాయి.

అంతమాత్రాన లారీలేం ఆగలేదు.
మబ్బు పట్టిన వారం ఈగ గుడ్లు పెట్టదు,
అప్పుడు ఒగోలా మళ్లీ మిల్లుకే పోతాడు,
రిస్పర్ చూడనట్టు ఉంటుంది.

నిన్న డోరినా షెడ్డుకొచ్చింది.
ఎవరూ పిలవలేదు.
ముక్కుకి తలగుడ్డ, చంకలో పాత జల్లెడ,
అంచున ఇంకా ఒమెనా పొలుసులు.
తొట్టి పక్కన చతికిలబడి
పురుగునీ పెంటనీ వేరుచేసింది,
మణికట్టు మరిచిపోని విసురుతో.

దోమతెర లోపల ఆకుల మీద
నల్లగా, సన్నగా, నెమ్మదిగా ఈగలు.
"వీటికేం పెడతావు?"
"ఏమీ లేదు. రెక్కలొచ్చాక ఇది తినదు.
పురుగప్పుడు తిన్నదే.
గుడ్లు పెట్టి పోతుంది."

జల్లెడ ఆగింది.
డోరినా తెరకు మొహం ఆనించి
ఒకదాన్ని చాలాసేపు చూసింది.
"పిచ్చిదానా," అంది దానితో,
"ఒక్క పూటైనా కూర్చుని తినకపోయావా."

పొద్దు వాలాక ఒడ్డు మీదుగా ఇంటికెళ్తూ
ఒక డబ్బా ఒమెనా కొంది.
చాలా ఏళ్లకు
గొంతు చించుకుని
బేరమాడింది.